నా గొంతు, నా గుడ్ల అట్టలు

మైకు ముందు మాట్లాడటం ఎలా నేర్చుకున్నారని కొత్తగా వచ్చే అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు. ఊపిరి కడుపులోంచి తీసుకోవాలని, మైకుకు కాస్త పక్కగా నిలబడాలని, కాగితం చప్పుడు కానివ్వకూడదని చెబుతాను. అవన్నీ నిజమే. కానీ నేను నేర్చుకున్నది పగతో. ఆ మాటంటే నవ్వేస్తారు, హాస్యమాడుతున్నాననుకుంటారు. ఇన్నేళ్లయినా ఆ మనిషి గుర్తొస్తే నా దవడ బిగుసుకుంటుంది. "మర్చిపోవాలమ్మా, మనసు తేలికవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లకు నాదొకటే ప్రశ్న: బరువుగా ఉందని మీకెవరు చెప్పారు?

తొంభైల చివరి రోజులు. డిగ్రీ పూర్తి చేసి అత్వెల్లిలో ఇంటిపట్టున ఉన్నాను. మా నాయినకు కోళ్లఫారం ఉండేది. పొద్దున్నే గుడ్లు ఏరి, ముప్పై పట్టే అట్టల్లో పేర్చడం నా పని. కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో నాకు ఎదురుండేది కాదు. ఇంట్లోనూ ఉండేది కాదు గానీ, దానికెవరూ బహుమతి ఇవ్వలేదు.

అప్పుడు మా వైపు పొలాలు ప్లాట్లవుతున్నాయి. ఆటో నెత్తిన రెండు మైకులు కట్టి, లోపల కేసెట్ పెట్టి ఊరూరా తిప్పేవాళ్లు. ప్లాట్లు, చీరల దుకాణం, కొత్త ఆస్పత్రి, ఏదైనా సరే ఆటో వచ్చి చెప్పాల్సిందే. ఆ కేసెట్లు మేడ్చల్‌లో ఒక ఎస్టీడీ బూత్ వెనక గదిలో తయారయ్యేవి. ఒకరోజు బస్సు దిగుతూ ఆ గోడ మీద రాత చూశాను: "ప్రకటనలకు ఆడవారి గొంతులు కావలెను." నాకోసమే రాశారనిపించింది.

లోపల యాభైకి దగ్గరగా ఉన్న మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కోస్తా నుంచి వచ్చి దూలపల్లి దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడట. బూతూ ఆయనదే, గదీ ఆయనదే. ఒక కాగితం ఇచ్చి చదవమన్నాడు. నాలుగు లైన్లు చదివానో లేదో చెయ్యెత్తాడు.

"ఆగమ్మా. నువ్వు నోరు తెరిస్తే మేడ్చల్ బస్టాండు వినపడుతోంది."

"మేడ్చల్‌ల గూసుండి మేడ్చల్ గాకపోతే ఇంకేం ఇనవడాలె సార్?" అన్నాను.

"చూడమ్మా, ప్లాట్లు కొనేవాళ్లు సిటీ నుంచి వస్తారు. వాళ్లకి నమ్మకం కలగాలంటే మాట శుభ్రంగా ఉండాలి. నేర్చుకుని రా, చూద్దాం."

శుభ్రంగా! అదే రోజు స్నానం చేసి, తలకు నూనె రాసుకుని వెళ్లిన దాన్ని నేను. ఒళ్లు మండింది. మండినా ఆ పని కావాలనే ఉంది. గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచాడు.

"మీది కోళ్లఫారమన్నావు కదా? ఖాళీ గుడ్ల అట్టలు దొరుకుతాయా? గోడలకి అంటిస్తే గొంతు మోగకుండా ఉంటుంది."

నిజమే, ఆ గదిలో మాట్లాడితే మన మాట మనకే తిరిగొచ్చి తగిలేది. గోడలకు నాలుగు దుప్పట్లు వేలాడదీశాడు గానీ అవి చాలవు. తెస్తానన్నాను. అక్కడే తెలివి ఉపయోగించాల్సింది. లేకపోయింది.

నెలరోజులు సాధన చేశాను. రేడియో వార్తలు వినడం, పేపరు పట్టుకుని ఫారంలోకి పోయి అదే తీరులో చదవడం. రెండో రోజే నాయిన లోపలికొచ్చాడు.

"ఏందే గీ లొల్లి? నీ వార్తలకు కోళ్లు బెదురుతున్నయ్. బెదిరిన కోడి గుడ్డు వెడ్తదా?"

అదే నాకు గురువు అయింది. కోడికి పెద్ద గొంతు పడదు, ఉన్నట్టుండి పైకి లేచే గొంతు అసలే పడదు. మాటకూ మాటకూ మధ్య జారుడు లేకుండా, ఎక్కడా కుదుపు లేకుండా చదవాలి. వెయ్యి కోళ్ల మధ్య నిలబడి, ఒక్కటి కూడా రెక్క విదల్చకుండా పేపరు మొదటి పేజీ మొత్తం చదివిన రోజున నాకు పని వచ్చిందని తెలిసింది.

మరకల్లేని అట్టలు ఏరి, ఎండబెట్టి, తాళ్లతో కట్టి మేడ్చల్‌కు చేరవేశాను. మా అమ్మ మైదా జిగురు ఉడికించి ఇచ్చింది. రెండు రోజులు నేనే స్టూలెక్కి ఆ గది గోడలన్నీ అట్టలతో కప్పాను. ఆయన కింద నిలబడి "కొంచెం ఎడంగా, కొంచెం పైకి" అన్నాడు. ఆ రెండు రోజుల్లో ఆయన చేసిన పని అదే.

మూడో రోజు శాంపిల్ రికార్డు చేద్దామన్నాడు. షామీర్‌పేట చెరువు దగ్గర ప్లాట్ల ప్రకటన.

"గాజులు తియ్యమ్మా, చప్పుడు మైకులో పడుతుంది."

ఆడపిల్ల బోసి చేతులతో ఉండటం మా అమ్మకు పడదు, పైగా ఆ రోజు శుక్రవారం. నాకంత పట్టింపు లేదు గానీ అమ్మకు మాటిచ్చి వచ్చాను. డజను ఆకుపచ్చ మట్టిగాజులు మోచేతి దాకా తోసి రిబ్బనుతో కట్టేశాను. అక్కడ కోసి అతికించే సదుపాయం లేదు. ఒక్క మాట తడబడినా మళ్లీ మొదటి నుంచే. పదకొండోసారి ఎక్కడా తడబడకుండా చివరిదాకా వచ్చాను. "త్వరపడండి" అనే చోట, పోటీల్లో మాట్లాడిన అలవాటు, చెయ్యి దానంతటదే పైకి లేచింది. రిబ్బను జారింది. గాజులు గలగల్లాడాయి.

"పర్లేదులే, శాంపిలే కదా" అన్నాడు.

కేసెట్ వెనక్కి తిప్పి కళ్లు మూసుకుని విన్నాడు. పెద్ద నిట్టూర్పు. "లాభం లేదమ్మా. గొంతులో ఆ పట్టు లేదు. మైకు అందరికీ లొంగదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా?"

నేను ఏడవలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కళ్లల్లో దుమ్ము పడుతుంది, అంతే.

ఇరవై రోజుల తర్వాత, మధ్యాహ్నం. ఫారంలో గుడ్లు పేరుస్తున్నాను. రోడ్డు మీద ఆటో మైకు. "షామీర్‌పేట చెరువుకు సమీపంలో, కరీంనగర్ హైవేకు ఆనుకుని, మీ కలల ఇంటికి సరైన చోటు..." ఎవరో బాగా చదువుతున్నారే అనుకున్నాను. ముందు నాకే తెలియలేదు. "నేడే త్వరపడండి" అన్నది. వెంటనే గలగల.

అట్ట కింద పెట్టి రోడ్డు మీదికి పరుగెత్తాను. నాయిన అప్పటికే గేటుకు ఆనుకుని వింటున్నాడు.

"సూసినవా, పట్నం పిల్ల ఎంత మంచిగ జెప్తాందో!"

"గది నేనే నాయినా! నా గొంతే గది!"

ఆయన నా మొహం చూసి పకపకా నవ్వాడు. "పుట్టినసంది ఇంటున్న, నీ గొంతు నాకెరుక లేదా? నువ్వు మాట్లాడితే కోళ్లు బెదురుతయ్. గామె మాట్లాడితే మనుషులు ఆగుతున్నరు."

స్టూడియో ఆయన నన్ను పనికిరావన్నాడు, సరే. నా గొంతు దొంగిలించి ఊళ్ల మీద తిప్పుతున్నాడు, అదీ సరే, ఎలా తేల్చుకోవాలో నాకు తెలుసు. కానీ మా నాయిన నా ఎదుట నిలబడి నా గొంతును మెచ్చుకుంటూ, అది నాది కాదంటున్నాడు. అప్పటి నుంచి నాకు కావలసింది ఒక్కటే, అది నాదేనని ఆయన నోటితో అనిపించడం.

మర్నాడే మేడ్చల్ పోయాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ తాపీగా చెప్పాడు. "అది మా మరదలి గొంతమ్మా. పెద్ద ఆర్టిస్టు, రేడియోలో చేసింది."

"మరి గాజుల సప్పుడు?"

"ఏం, ఆవిడకి గాజులుండవా?"

ఆ మరదలు ముందు గదిలో ఎస్టీడీ బిల్లులు రాస్తోంది. పోతూ పోతూ ఆమె చేతులు చూశాను. ఒక చేతికి వాచీ. రెండో చేతికి ఒకే ఒక్క బంగారు గాజు. ఒక్క గాజు దేనికి తగిలి మోగుతుంది? మెట్లు దిగాను. జీవితంలో మొదటిసారి వాదించకుండా ఒక చోటు నుంచి బయటికొచ్చాను.

ఆ ఆదివారం అలియాబాద్‌లో ఆ ప్లాట్ల దగ్గర షామియానా వేశారు. భూమి అమ్ముతున్న పటేల్ మాకు దూరపు చుట్టం, నాకు చిన్నాయిన వరస. సిటీ నుంచి బస్సుల్లో జనాన్ని తెచ్చారు. నేను నాయినను బలవంతంగా బయల్దేరదీశాను.

"మనూరి దిక్కు భూమి మనమే వొయ్యి సూసుడేంది?" అని దారంతా గొణిగాడు.

స్టూడియో ఆయన మైకు పట్టుకుని, పట్టుచీరలో ఉన్న మరదలిని ముందుకు తెచ్చాడు. "మీరు రోజూ వింటున్న ఆ గొంతు ఈవిడదేనండీ!" జనం చప్పట్లు కొట్టారు. నాలుగు మాటలు చెప్పమంటే ఆమె గొంతు పట్టుకుని, నొప్పిగా ఉందని సైగ చేసింది.

నేను లేచి నేరుగా చిన్నాయిన దగ్గరికి పోయాను. "చిన్నాయినా, ఒక్కపారి కేసెట్ వెట్టియ్యి."

"ఎందుకు బిడ్డా?"

"పెట్టియ్యి, జెప్త."

కేసెట్ మొదలైంది. స్టూడియో ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. ఆయనకు ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపు కేసెట్‌తో పాటు నేనూ మొదలుపెట్టాను. మాటకు మాట, ఊపిరికి ఊపిరి. నెల రోజులు కోళ్లకు వినిపించిన తీరు, పదకొండుసార్లు చదివిన కాగితం, ఎక్కడికి పోతుంది? రెండు గొంతులు ఒక్కటై నడిచాయి. "నేడే త్వరపడండి" అన్నాను. చెయ్యి లేచింది. కేసెట్‌లో గలగల, నా చేతికి గలగల.

మైకు మరదలి ముందు పెట్టాను. "అక్కా, ఇప్పుడు మీరు చెప్పండి."

ఆమె తల దించుకుని, నాకు మాత్రమే వినపడేట్టు అన్నది: "నేను వద్దన్నానండీ, బావగారే విన్లేదు."

జాలిపడేదాన్నే. కానీ పట్టుచీర కట్టుకుని వచ్చింది కదా.

చిన్నాయిన లేచాడు. "ఏంది సారూ, రేడియో అన్నవ్, పెద్ద ఆర్టిస్టన్నవ్. మా ఇంటి పిల్ల గొంతును మాకే ఇనిపిచ్చి పరాయిదంటవా?"

"శాంపిలండీ... పొరపాటున..."

"పొరపాటున పట్టుచీర గూడ గట్టిచ్చినవా?" అన్నాను. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు కావలసినప్పుడు వినపడుతుంది.

నాయిన వైపు చూశాను. తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాడు. తర్వాత ఇద్దరం ఇంటికి వచ్చాం. గేటు దగ్గర ఆగి, "గాజులైతే నీయే బిడ్డా. గొంతే నమ్మబుద్ధి గాదు. గట్ల మాట్లాడేది నువ్వెట్లయితవ్?" అన్నాడు.

అంటే ఇంకా గెలవలేదన్నమాట.

చిన్నాయిన కొత్త కేసెట్ చేయించమన్నాడు, నా గొంతుతోనే. మేడ్చల్‌లో మైకున్నది ఆ ఒక్క గదిలోనే కాబట్టి, స్టూడియో ఆయన తలవంచుకుని రికార్డు చేయక తప్పలేదు. మొదటిసారే తడబడకుండా చదివాను. ఆయన మీట నొక్కి ఆపాడు.

"బాగా వచ్చిందమ్మా."

"లాభం లేదు సార్. మీ రికార్డింగులో ఆ పట్టు లేదు. మళ్లీ."

పదకొండుసార్లు చేయించాను. పదకొండుసార్లూ ఆయన వంగి కేసెట్ వెనక్కి తిప్పాడు. చివరిసారి, ప్రకటన అయిపోయాక, మైకు దగ్గరికి జరిగి నా సొంత మాటలో ఒక్క ముక్క కలిపాను. "గీ మాటలు జెప్పింది ఎవరో గాదు, అత్వెల్లి కోళ్లఫారం బిడ్డ."

"అది... శుభ్రంగా లేదేమోనమ్మా" అని నసిగాడు.

"అందుకే ఉండాలె. తీసేస్తే చిన్నాయినకు జెప్త."

కేసెట్ చేతికొచ్చాక స్టూలెక్కాను. నా అట్టలు ఒక్కొక్కటీ పీకాను. మైదా జిగురు గట్టిది, అట్టతో పాటు సున్నమూ ఊడొచ్చింది. "ఇదేంటమ్మా, గోడ పాడవుతోంది" అన్నాడు.

"కొంచెం ఎడంగా పట్టుకొని పీకాల్నా, కొంచెం పైకా సార్?" అన్నాను.

ఒక్కటి కూడా వదల్లేదు. చిరిగినవి కూడా మూట కట్టుకున్నాను. చిన్నాయిన ఆటోలోనే అత్వెల్లికి తెచ్చాను. తర్వాత మా ఇంటి వెనక గదిలో అంటించాను. సొంత మైకు కొనుక్కున్న రోజు నుంచి నా పనంతా ఆ అట్టల మధ్యే సాగింది.

నాలుగు రోజులకు ఆ ఆటో మా ఫారం ముందు నుంచి పోయింది. నాయిన లోపల దాణా పోస్తున్నాడు. ప్రకటన మొత్తం తల వంచుకునే విన్నాడు. చివరి ముక్క దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు.

"నీ గొంతేనే" అన్నాడు. తర్వాత కోళ్ల వైపు చూపించాడు. "సూడు, ఒక్కటి సుత బెదరలే."

ఇక్కడితో నా మనసు చల్లబడిందని రాస్తే బాగుండేది. మరుసటి ఎండాకాలం షామీర్‌పేట రోడ్డు మీద స్కూటీ మీద పోతుంటే ఒక ఆటో ఎదురైంది. మైకులో కొత్త గొంతు, ఆ గదిలోనే చేసిన కేసెట్. బోడి గోడలకు కొట్టుకుని మాట మీద మాట పడుతోంది, బావిలోంచి అరిచినట్టుంది. నేను స్కూటీ పక్కకు ఆపాను. ఇంజన్ ఆపాను. హెల్మెట్ తీసి, ఎండలో నిలబడి చివరి దాకా విన్నాను.

చాలా శుభ్రమైన భాష. ఒక్క ముక్క అర్థం కాలేదు.