సన్మాన పత్రంలో ఇమడని వాక్యం

మా తెలుగు సంఘంవాళ్లు ఒక కివీ ఆవిడకు, అంటే ఇక్కడి న్యూజీలాండ్ ఆవిడకు, సన్మానం చేద్దామనుకున్నప్పుడు పత్రం రాసే పని నాకు అప్పజెప్పారు. నేను పండితురాలినేమీ కాదు, పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. కానీ అప్పట్లో మేముండే పేట జాన్సన్‌విల్‌లో ఉన్న తెలుగు ఇళ్లలో వారానికి మూడుసార్లు లైబ్రరీకి వెళ్లేది నేనొక్కదాన్నే. పాపను బడిలో దింపాక, బేకరీలో షిఫ్టు మొదలయ్యేలోపు గంటన్నర దొరికేది. బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, ఆరేళ్లలో ఈ దేశ చరిత్ర దాకా వచ్చాను. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేదాన్ని.

ఆవిడకు డెబ్బై దాటాయి. మా పేటలో ఉన్న కమ్యూనిటీ హాలు కమిటీకి ముప్పై ఏళ్లపాటు అధ్యక్షురాలిగా ఉండి, ఆ సంవత్సరమే దిగిపోతున్నారు. మా ఉగాదులూ బతుకమ్మలూ అన్నీ ఆ హాల్లోనే. ప్రతిసారీ తాళాలు పట్టుకుని ముందే వచ్చి, హీటర్లు వేసి ఉంచేది ఆవిడే.

సంఘం అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నాకంటే చిన్నవాడు.

"అక్కా, మొదటి దినం నుంచే మనల్ని రెండు చేతులతోటి రమ్మన్నదని తప్పకుండ పెట్టు. అది చదవంగనే అందరు క్లాప్స్ కొడ్తరు" అన్నాడు.

వివరాల కోసం ఆవిడ ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చున్నారు. బడి ముందు రోడ్డు దాటే చోట గీతలు వేయించింది మీరేనట కదా అని అడిగాను. పట్టుబట్టి సాధించింది పక్క వీధి ప్లంబర్ అనీ, తను ఉత్తరాలు టైపు చేశాననీ అన్నారు. వలస వచ్చినవాళ్లకు ఇంగ్లీషు తరగతుల గురించి అడిగితే, పాఠాలు చెప్పింది టీచర్లు, నేను కుర్చీలు వేశాను అన్నారు. నాకు అయోమయంగా ఉంది. మనలో కూడా పెద్దవాళ్లు "అబ్బే, ఇందులో నాదేముంది" అంటారు. రెండుసార్లు అని, మూడోసారికి ఒప్పుకుంటారు. ఈవిడ ఏడోసారి కూడా ఒప్పుకోలేదు. నా నోటుపుస్తకం నిండా ఇతరుల సంగతులే ఉన్నాయి.

ఆవిడ చెప్పకపోతే లైబ్రరీ చెబుతుందన్న ధైర్యంతో వెళ్లాను. హాలు కమిటీ సమావేశాల పాత రికార్డులు బైండు చేసి వెనక గదిలో ఉంచారు. రెండు ఉదయాలు కూర్చుని ఒక్కో పేజీ తిప్పాను. ఎనిమిదేళ్ల కిందటి పేజీలో మా సంఘం దరఖాస్తు కనిపించింది. మాకు శనివారం సాయంత్రాలు హాలు ఇవ్వాలా వద్దా అన్న తీర్మానం. ఇవ్వాలని నలుగురు ఓటేశారు. వద్దన్నది ఒక్కరే. ఆ ఒక్కరూ అధ్యక్షురాలు.

మళ్లీ చదివాను. మరి ఆ తర్వాతి శనివారం మాకు ఓవెన్ ఎలా వెలిగించాలో చూపించిందెవరు? ఇన్నేళ్లూ ఆవిడ మమ్మల్ని చూసి నవ్వింది ఇష్టంతోనా, మర్యాదకా?

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. "పెళ్లిపీటల మీద కూర్చోబెట్టి పెళ్లికొడుకు ఇంటర్‌లో తప్పిన సబ్జెక్టులు చదువుతారా ఎవరైనా? ఆ ముక్క వదిలెయ్" అన్నారు. అధ్యక్షుడికి ఫోన్ చేశాను.

"లైబ్రరీకి పోకుంటె ఈ లొల్లే లేకుండె గదా అక్కా. ఎనిమిదేండ్ల ముచ్చట ఎవరికి యాదికుంటది?"

"ఆవిడకు ఉంటుందిగా."

"ఉంటే ఉండనియ్. ఆమె అయితే మైకుల చెప్పదు."

అదే నన్ను పీడించింది. రెండు చేతులా రమ్మన్నారని నేను చదువుతుంటే, అది అబద్ధమని తెలిసిన మనిషి నా పక్కనే శాలువా కప్పుకుని కూర్చుని ఉంటుంది. వదిలేస్తే పత్రంలో మా గురించిన మాటే ఉండదు. ఉన్నది రాస్తే పిలిచి అవమానించినట్టు అవుతుంది. సన్మానానికి ముందురోజు మధ్యాహ్నం హాల్లో బల్లలు తుడుస్తున్న ఆవిడనే అడిగేశాను.

"అవును, వద్దన్నాను. ఈరోజు ఓటు పెట్టినా అదే వేస్తాను" అన్నారు, తుడవడం ఆపకుండా. "శనివారం సాయంత్రాలు ఇక్కడ ముసలివాళ్లు డాన్స్ చేసుకునేవాళ్లు. చివరికి ముగ్గురే మిగిలారు. ముగ్గురి కోసం ఇంత హాలు దేనికని మిగతావాళ్లు అన్నారు. ఆ ముగ్గురికీ వెళ్లడానికి ఇంకో చోటు లేదని నేనన్నాను."

"మరి మాకు తలుపు ఎందుకు తీశారు?"

ఆవిడ నావైపు చూశారు. నా ప్రశ్నే ఆవిడకు వింతగా ఉన్నట్టుంది. "ఓడిపోయాను కదా. తలుపు ఎవరో ఒకరు తియ్యాలి."

మర్నాడు పూలదండ వేశారు, శాలువా కప్పారు. నేను ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చదివాను. "మాకు హాలు ఇవ్వొద్దని ఒంటరిగా ఓటేసి, ఓడిపోయి, ఆ తర్వాతి శనివారం మాకంటే ముందే వచ్చి మాకు తలుపు తీశారు." తెలుగులో చదివినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షుడు మైకు వైరు చూస్తూ నిలబడ్డాడు. ఇంగ్లీషులో చదివినప్పుడు ఆవిడ ఒక్కసారి తల ఊపారు, ఎవరో అంకె సరిగ్గా చెబితే ఊపినట్టు. మెచ్చుకున్నారో, నొచ్చుకున్నారో నాకు అర్థం కాలేదు.

భోజనాల దగ్గర మా వీధి చివరింటి ఆంటీ పులిహోర పెట్టుకుంటూ నన్ను ఆపింది.

"ఇంతకీ ఆవిడ మనవైపా, కాదా?"

"తెలియదు ఆంటీ."

"ఆ ముసలివాళ్లు ఎక్కడికి పోయారు మరి?"

"అడగలేదు."

ఆంటీ గరిటె కింద పెట్టింది. "ఏమీ తెలియకుండానే దండ వేశామా?"

"వేశాం" అన్నాను.