గుమ్మం మీది గుమ్మడికాయ

మొన్న హిందూపురం మార్కెట్‌కు పోతే, కూరగాయలాయన నా సంచి వైపు కూడా చూడకుండా, "ఏమక్కా, కొరియా అక్క రాలేదా?" అని అడిగాడు. పెళ్లయి పెనుకొండకు వచ్చినప్పటి నుంచి వారానికోసారి బస్సెక్కి వచ్చి ఈయన దగ్గరే కొంటున్నాను. వాడిపోయిన కొత్తిమీర ఇచ్చిన రోజున గొడవపడి కూడా, మళ్లీ వారం ఈయన దగ్గరికే వచ్చాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నన్ను బాగున్నావా అని అడిగిన పాపాన పోలేదు. ఆమెకు మాత్రం గట్టి క్యాబేజీలు ఏరి గోనెపట్టా కింద దాచిపెడతాడు. వచ్చే వారం వస్తుందిలే అని చెప్పి, నా వంకాయలు నేను ఏరుకుని, తిరుగు బస్సులో ఆమెను తలచుకుంటూ కూర్చున్నాను. ప్రేమతో కాదు, మంటతో.

ఆమె మా మేడ మీద అద్దెకుంటుంది. మా వైపు కార్ల ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలో, కొరియా నుంచి వచ్చిన ఇంజనీర్లకు వండిపెట్టడానికి ఒక మెస్సువాళ్లు ఈమెను పిలిపించుకున్నారు. భర్త పోయిన మనిషి, నాకంటే రెండు మూడేళ్లు చిన్న. మెట్లు దిగి వచ్చాక ఎవరు ఎదురుపడినా నడుము వంచి నమస్కారం పెట్టేది. ఆ వంగడం చూసి వీధిలో ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. మొదటి ఎండాకాలం ఆమె క్యాబేజీ ఊరబెట్టిన జాడీ మా మేడ మీద పొంగి పగిలింది. ఎదురింటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మా ఇంట్లో ఎలుక చచ్చిందని వీధంతా చెప్పింది. ఈ సంగతి మేడ మీదికి పోయి ఆమెకు చెబితే కడుపు పట్టుకుని నవ్వి, "చచ్చిన ఎలక కాదక్కా, పులిసిన ఆకు అని చెప్పు" అంది. నాకు ఒళ్లు మండిపోయేది. మాటలు పడ్డ మనిషికి కోపం రావాలి కదా! ఆమెకు రాదు. ఆమె పడాల్సిన కోపం కూడా నేనే పడాల్సి వచ్చేది.

తరువాత మెస్సు మూసేశారు. టిక్కెట్టు ఇస్తాం, వెళ్లిపొమ్మన్నారు. ఆమె పోనంది. అక్కడ ఇల్లు లేదు, ఎదురుచూసే మనిషీ లేడు. "ఆడ యాడికి పోయేదక్కా? ఈడనే హోటలు పెడతా" అంది. చేతిలో ఉన్నదంతా పొయ్యికీ బల్లలకీ పెట్టేసింది. అది నడవకపోతే విమానం ఎక్కడమే, మళ్లీ రావడమంటూ ఉండదు. హోటలుకు అద్దెకు దొరికిన గది మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయన గురించి చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి. మా గృహప్రవేశంలో పప్పులో ఉప్పు తక్కువైందని నలుగురిలో అన్న మనిషి. ఉప్పు సరిగ్గానే ఉండింది.

మా పుట్టిల్లు ధర్మవరంలో మగ్గాల ఇల్లు. కొత్త మగ్గం పెట్టినా సరే, దిష్టి సంగతి చూడకుండా పని మొదలుపెట్టడం మాకు తెలియదు. అందుకని శుక్రవారం నేనే బూడిద గుమ్మడికాయకు పసుపు రాసి, బొట్లు పెట్టి, హోటలు గుమ్మం మీద కట్టించాను. మరుసటి రోజు ఆమె ఇరుగుపొరుగును భోజనానికి పిలిచింది. కొత్త షాపు తెరిస్తే చుట్టుపక్కల వాళ్లకు తినడానికి పంచడం వాళ్ల పద్ధతట. వేడివేడిగా, కారంగా ఒక పులుసు పోసింది. బావగారు రెండు గిన్నెలు తాగారు. పక్క టీ కొట్టామె మళ్లీ పోయించుకుంటూ గుమ్మం వైపు చూసింది.

"ఏమ్మా, ఆడ కట్టిన కాయ యాడ పోయినాది?"

ఆమె ముఖం వెలిగిపోయింది. గరిటెతో పొయ్యి మీది గిన్నె చూపించింది. "ఈడ ఉండాది. పోసేదా?"

వీధివాళ్లంతా కలిసి తనకు ప్రేమతో కట్టించిన కానుక అనుకుని, ఆ కాయను వాళ్లకే వండిపెట్టింది. ముందే చెప్పలేదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. దిష్టికాయను వండుకోకూడదని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

టీ కొట్టామె బయటికి పరుగెత్తి కాలువలో ఉమ్మింది. "ఊరి దిష్టంతా మింగించినాది గదప్పా!" అని గుండెలు బాదుకుంది. బావగారు లేచి నిలబడ్డారు. "నాకీ పీడ వద్దు. రేపు తాళం చెవి ఇచ్చేయమని చెప్పమ్మా" అన్నారు. ఎదురుగా ఉన్న మనిషితో కాదు, నాతో.

ఏమైందో నేను విడమరిచి చెప్పాను. ఆమె అంతా విని, "అంటే ఊరోళ్ల దిష్టి ఊరోళ్లకే పెట్టినానా అక్కా?" అంటూ పకపకా నవ్వింది. నవ్వు ఆగలేదు. కానీ నవ్వుతూనే నడుముకున్న తాళం చెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అది నేను చూశాను, మిగతావాళ్లు చూడలేదు.

నేను బెంచీని రోడ్డు మీదికి లాగి, అందరికీ కనబడేట్టు కూర్చున్నాను. "నాకింకో గిన్నె పోయ్" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ పులుసు నాకు నచ్చలేదు. చుక్క మిగల్చకుండా తాగాను.

"బావా, అమావాస్య దాకా చూడండి. నాకు చిన్న జ్వరమొచ్చినా సరే, తాళం చెవి మీకిచ్చేస్తాం. ఏమీ కాకపోతే మళ్లీ ఈ మాట ఎత్తగూడదు."

"నీ మొండితనం యాడికి పోతాదిలే" అన్నారు. కానీ నలుగురిలో కాదనలేకపోయారు.

ఆ మూడో నాడే నాకు జలుబు చేసింది. తుమ్ము వస్తే ఇంటి వెనక్కి పరుగెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని తుమ్మేదాన్ని. వీధంతా నేను ఎప్పుడు మంచం పడతానా అని ఎదురుచూసింది. ఆమె అల్లం నీళ్లు కాచి తెచ్చి, నా అవస్థ చూసి మెట్ల మీద కూలబడి నవ్వేది. "నీ కోసమే గదే ఈ పాట్లు!" అని అరిస్తే, "గట్టిగా అరవద్దక్కా, గొంతు బొంగురు అందరికీ తెలుస్తాది" అనేది. ఆ మాటకు నాకూ నవ్వొచ్చి దగ్గు అందుకుంది. అమావాస్య వచ్చింది, పోయింది. తాళం చెవి ఆమె నడుముకే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ హోటల్లో మధ్యాహ్నం కూర్చోవడానికి చోటు దొరకదు. బావగారిది రోజూ అక్కడే భోజనం. "మొదటి రోజే రెండు గిన్నెలు తాగినా, ఈమె నిలబడతాదని నాకు అప్పుడే తెలుసప్పా" అని కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతుంటారు. ఆమె తల ఊపి ఆయనకు ఇంకో ముక్క వడ్డిస్తుంది. నేను పక్కకు పిలిచి, "నిన్ను పొమ్మన్నది ఈయనే గదే!" అన్నాను. ఆమె నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "అట్లనా అక్కా? ఎప్పుడు?" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఏళ్లు గడిచేకొద్దీ ఈ వీధిలో అందరూ మొదటి నుంచీ మంచివాళ్లే అయిపోతున్నారు. కాదని చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.