మోదుగుపూలకు పోయిన ఆదివారం

నా నిద్రకు మా వాడలో మంచి పేరుంది. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఏడున్నరకు ఇంటికొచ్చి, స్నానం చేసి, ఇంత తిని పడుకున్నానంటే మధ్యాహ్నం మూడు దాకా నన్నెవరూ లేపకూడదు. లేపితే ఏమవుతుందో పాత సామాన్లు కొనే అతనికి బాగా తెలుసు. మైకులో అరుచుకుంటూ వచ్చే ఆ మనిషి మా క్వార్టర్ రెండిళ్ల దూరంలో ఉండగానే మైకు బంద్ చేస్తాడు, మా ఇల్లు దాటాక మళ్లీ మొదలుపెడతాడు. ఒకసారి నేను లుంగీ మీదే బయటికొచ్చి అతనితో మాట్లాడాను. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

మాది నస్పూర్. బొగ్గు గనిని మావాళ్లు బాయి అంటారు. బాయిలో దిగేవాళ్లకు వారానికో షిఫ్టు మారుతుంది. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. రాత్రంతా భూమి కింద మేలుకున్న ఒళ్లు పగటిపూట నిద్రపోవడానికి ఒక పట్టాన ఒప్పుకోదు. దాన్ని బతిమాలి, కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను పెట్టి పడుకోబెట్టాలి. ఈ లోపల ఎక్కడో ఒక గిన్నె కింద పడిందంటే అంతే సంగతులు. అందుకే రాత్రి షిఫ్టు వారం మా ఇంట్లో కుక్కర్ పెట్టరు, పప్పు గిన్నెలోనే ఉడుకుతుంది. నీళ్ల బిందె కింద పాత తువ్వాల మడిచి పెడతారు. తలుపు గడియకు గుడ్డ చుట్టి ఉంటుంది.

మా ఇద్దరు పిల్లల సంగతి ఇంకా చిత్రం. అమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి అయిదు నిండుతున్నాయి. చప్పుడు లేకుండా ఆడుకునే ఆటలు వాళ్లకు తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు. దాగుడుమూతలు ఆడితే అంకెలు నోటితో లెక్కపెట్టరు, వేళ్లు ముడుస్తారు. దొరికినవాళ్ల భుజం మీద రెండుసార్లు తడతారు. గెలిస్తే చేతులు పైకెత్తి ఎగురుతారు, కాని కాళ్లు నేలను తాకేటప్పుడు మునివేళ్ల మీద వాలతారు. నవ్వొస్తే అరచేతిలో నోరు పెట్టుకుని భుజాలు కదిలించి నవ్వుతారు. ఒకసారి మధ్యలో నీళ్లకు లేచి ఇదంతా చూసి మురిసిపోయాను. బాయి దగ్గర తోటివాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా పిల్లలంత బుద్ధిమంతులు మీ ఇళ్లలో ఎవరూ లేరన్నాను. వాళ్లు కూడా ఒప్పుకున్నారు.

ఇక మోదుగుపూల సంగతి. పోయిన ఏడాది హోలీకి ముందు, ఈసారి దుకాణం రంగులు వద్దు, చెట్టు పూలతో మనమే రంగు చేసుకుందామని నేనే మాటిచ్చాను. చిన్నప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, గంజు గిన్నెలో మోదుగుపూలు ఉడకబెట్టి ఇచ్చిన రంగు గురించి పిల్లలకు ఊరించి ఊరించి చెప్పాను. ఆ తర్వాత ఒక ఆదివారం డ్యూటీ పడింది. ఇంకో ఆదివారం ఒళ్లు నొప్పులు. మూడో ఆదివారం, నిజం చెప్పాలంటే, నిద్రే. నాలుగోసారి బండి తీసి బయల్దేరేసరికి చెట్ల కింద పూలన్నీ నల్లగా వాడిపోయి మట్టిలో కలిసిపోతున్నాయి. మోదుగు మన కోసం ఆగదు కదా. దారిలో దుకాణంలో నాలుగు రంగు పొట్లాలు కొన్నాను. నా కూతురు సరే అంది. ఏడ్చినా బాగుండేది.

ఈ ఏడాది మాఘం చివర ఒక రోజు, రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నాను కాని నిద్ర పట్టలేదు. తలుపు అవతల పిల్లలిద్దరూ గుసగుసలాడుతున్నారు. బస్సు కిటికీలోంచి ఎర్రటి చెట్టు కనబడిందని, దాని పూలే బాపు చెప్పిన రంగు పూలని తమ్ముడు అంటున్నాడు. అక్కడికి పోదామంటున్నాడు. దానికి అక్క చెప్పిన జవాబు నాకు స్పష్టంగా వినబడింది.

"బాపు తీస్కపోడురా. ఆయనకు నిద్రొస్తది."

అందులో కోపం లేదు, అలక లేదు. పొద్దు పడమట కుంగుతుందన్నంత మామూలుగా చెప్పింది. అడగడం మానేశారు వాళ్లు. నాకు చురుక్కుమంది. ఆ రోజు మూడు దాకా కళ్లు మూసుకునే ఉన్నాను కాని నిద్ర మాత్రం రాలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే రాత్రి షిఫ్టు దిగొచ్చి, ఇంటి ముందు బండి ఆపి, స్టాండ్ వేయకుండానే పదండి పూలకు పోదాం అన్నాను. ఎవరూ కదల్లేదు. మా అబ్బాయి వాళ్ల అవ్వ ముఖంలోకి చూశాడు. నా భార్యది బెల్లంపల్లి, వాళ్ల నాన్న కూడా బాయిలో పనిచేసినవాడే, కాబట్టి నిద్ర లేని మనిషి బండి నడిపితే ఏమవుతుందో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. ముందు పండుకో, సాయంత్రం చూద్దాం అంది. సాయంత్రం అంటే ఏమిటో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. రెండు గ్లాసుల చాయ్ తాగి, ముఖం మీద చన్నీళ్లు కొట్టుకుని, దారి పొడుగునా నాతో మాట్లాడుతూ ఉంటేనే అన్న షరతు మీద ఆమెను ఒప్పించాను.

బండి మీద నలుగురం ఎలా సర్దుకున్నామో అడక్కండి. అబ్బాయి ముందు ట్యాంకు మీద, అమ్మాయి మా ఇద్దరి మధ్యలో, నా భార్య ఒళ్లో రెండు ఖాళీ బియ్యం సంచులు, ఒక కొక్కెం కర్ర. ఆ కర్ర ప్రతి మలుపులో నా చెవికి తగులుతూనే ఉంది. నన్ను మేలుకొల్పడానికి ఆమె కావాలనే తగిలిస్తోందని నా అనుమానం. అడిగితే గాలికి తగులుతుందంది.

ఊరు దాటి గోదావరి వైపు మట్టి దారి పట్టగానే కనబడ్డాయి. ఆకు ఒక్కటి లేదు, కొమ్మ కొమ్మకూ పూలు. పది పన్నెండు చెట్లు వరసగా, కింద నేలంతా పూలు రాలి ఉన్నాయి. రాత్రిపూట బొగ్గు తప్ప మరో రంగు చూడని నా కళ్లు ఆ ఎరుపు చూడలేక నీళ్లు కార్చాయి. పిల్లలిద్దరూ బండి దిగి నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. అబ్బాయి రెండు చేతులూ పైకెత్తి ఎగిరాడు. నాకు చాలా సంతోషమేసింది.

తాజాగా రాలినవి ఏరుకోవాలని, వాడినవి వద్దని, పువ్వు వెనకాల మెత్తగా నల్లగా ఉండే తొడిమను ఇంటికెళ్లాక తీసేద్దామని చెప్పాను. అందని కొమ్మలను కొక్కెంతో వంచి నాలుగు దులిపాను. తర్వాత నా కాళ్లు నా మాట వినలేదు. ఒక్క నిమిషం అని ఒక మోదుగు మొదలుకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపైందో తెలియదు. కళ్లు తెరిచేసరికి ఏ చప్పుడూ లేదు. పిల్లలు ఎక్కడికో పోయారనుకున్నాను. తల తిప్పి చూస్తే పది అడుగుల దూరంలోనే ఉన్నారు. సంచి నిండా పూలు. అమ్మాయి ఒక కొమ్మ వైపు వేలు చూపిస్తోంది, తమ్ముడు తల ఊపుతున్నాడు. వాడు ఆ కొమ్మ దగ్గరికి నడుస్తున్నాడు కాని తిన్నగా నడవడం లేదు. ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు వేస్తూ, మధ్యలో ఆగి వెతుక్కుని మరీ పాదం పెడుతున్నాడు. చెట్ల కింద, రాలిన పూల మధ్యన అంతా పోయిన ఏటి ఎండుటాకులు. వాడు వాటిని తొక్కకుండా మట్టి కనబడ్డ చోట మాత్రమే అడుగు వేస్తున్నాడు.

ముల్లు గుచ్చుకుందేమో అనుకుని, ఎందుకలా నడుస్తున్నావని అడిగాను.

"ఆకుల మీద తొక్కితే సప్పుడైతది గద బాపు. నువ్వు లేస్తవ్."

చుట్టూ అరమైలు దూరంలో ఇల్లు లేదు, మనిషి లేడు. పైన అంత ఆకాశం. ఆ ఖాళీలో కూడా నా పిల్లలు మా క్వార్టర్‌లోనే ఉన్నారు. నేను ఎక్కడుంటే అక్కడ వాళ్లు గుసగుసలాడాలి కాబోలు. బాయి దగ్గర నేను గొప్పగా చెప్పుకున్న బుద్ధిమంతనం ఇదన్నమాట. నాకు సిగ్గేసింది. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, ఆ కోపం చూపించడానికి ఈసారి ఎదురుగా మైకువాడు కూడా లేడు.

నా భార్య తొడిమలు తీస్తూ కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"మేం కూడ గిట్లనే పెరిగినం. మా బాపు డ్యూటీ బంద్ అయినంక, ఇంట్లనే ఉన్నా కూడ మేం మెల్లగనే మాట్లాడేది. ఒకనాడు ఆయనే అడిగిండు, నాతోని ఎవ్వరు ఎందుకు మాట్లాడుత లేరు బిడ్డా అని."

ఏం చెప్పారని అడిగాను. ఏం చెప్తం, అలవాటు పోలే అంది.

నేను లేచి ఎండుటాకుల మధ్యలోకి నడిచి, రెండు కాళ్లతో వాటిని తొక్కాను. కరకరమంది. పిల్లలు నన్ను భయంగా చూశారు. అరవండిరా అన్నాను. ఇద్దరూ వాళ్ల అవ్వ వైపు చూశారు, ఈ మనిషికి ఏమైందన్నట్టు. సరే, ముందు నేనే అని గొంతు చించుకుని ఒక కేక పెట్టాను. దూరంగా మేస్తున్న మేకలు తలలెత్తి చూశాయి. ఆ మేకలను చూసి మా అబ్బాయికి నవ్వాగలేదు. వాడు ఒక్కసారి కూత పెట్టాడు, ఇక ఆపితే ఒట్టు. ఆకుల్లో పడి దొర్లాడు, పూలు నెత్తిన పోసుకున్నాడు, పుల్లతో సంచిని బాదాడు. నా భార్య కూడా పైట నోటికి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. మా అమ్మాయి మాత్రం నోరు తెరిచింది కాని గొంతు రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలించి నవ్వింది. నేను బలవంతం చేయలేదు. ఏడేళ్ల అలవాటు ఒక్క పొద్దుకు పోదు. కాని తిరిగొచ్చే దారంతా ఆ అరచేయే నా కళ్ల ముందు ఉంది. కర్ర చెవికి తగలకపోయినా ఆ రోజు నాకు నిద్ర రాలేదు.

పూలను నీడలో గోనెపట్టా మీద ఆరబోశాం. బడి నుంచి రాగానే అమ్మాయి వాటిని తిరగేసేది. కోళ్లను తోలే పని తమ్ముడిది, ఆ పని వాడు వీధంతా వినబడేలా చేసేవాడు. హోలీకి ముందు రోజు సాయంత్రం వాకిట్లో బొగ్గుల పొయ్యి అంటించి పెద్ద గంజు పెట్టాం. పూలు వేసి, నీళ్లు మరిగాక చిటికెడు సున్నం వేయగానే పసుపు నీళ్లు ముదురు నారింజకు తిరిగాయి. పిల్లలిద్దరూ గంజు మీదికి వంగి చూస్తుంటే వాళ్ల అవ్వ జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. పాత తువ్వాలలో వడగట్టి సీసాల్లో నింపాం. మూతలకు నేను మేకుతో చిల్లులు పెట్టాను.

చిక్కేమిటంటే, హోలీ కూడా రాత్రి షిఫ్టు వారంలోనే పడింది. డ్యూటీకి పోతూ అమ్మాయిని పిలిచి, పొద్దున నేనొచ్చి పడుకుంటాను, పదింటికి నువ్వే లేపాలి, గట్టిగా లేపాలి అని చెప్పాను. తల ఊపింది. లేపుతుందన్న నమ్మకం నాకు లేదు. ఇంట్లో ఆ పని ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

పదికి ముందే నాకు మెలకువ వచ్చింది. కళ్లు మూసుకుని పడుకున్నాను. అడుగుల చప్పుడు లేదు కాని మంచం పక్కన మోదుగు నీళ్ల వాసన వచ్చింది, పిల్లలొచ్చి నిలబడ్డారని తెలిసింది. బాపు అంది అమ్మాయి, తనకు మాత్రమే వినబడేంత మెల్లగా. నేను కదల్లేదు. ఇంకోసారి అంది. అప్పుడు తమ్ముడు, అంత అల్లరి నేర్చిన వాడు కూడా, వద్దక్కా పోదాం పా, బాపుకు నిద్రొస్తది అని గుసగుసలాడాడు. నేను దుప్పటి కింద పిడికిళ్లు బిగించుకున్నాను. లేపు బిడ్డా, ఒక్కసారి లేపు అని లోపల దేవుళ్లందరికీ మొక్కుతున్నాను. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. వెళ్లిపోయారనుకున్నాను.

"బాపూ! లే! పది అయ్యింది!"

ఇన్నేళ్లలో బాయి సైరన్‌కు కూడా నేను అలా ఎగిరిపడలేదు. కళ్లు తెరిచేలోగా సీసా మొత్తం నా ముఖం మీద ఖాళీ అయింది. దుప్పటి, దిండు, పరుపు అన్నీ నారింజ రంగు. ఆ కేకకు ఏ పిల్లకు ఏమైందోనని పక్కింటావిడ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి, ఏమైంది బిడ్డా అని అడిగింది.

"ఏం కాలే పెద్దమ్మా, మా బాపును లేపిన" అంది నా కూతురు, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.