సేఠ్‌కి తెలియని నాలుగో జెండా

"గిదేం చదువు టీచరమ్మా, కిచిడీ లెక్క? గిది జదివినోళ్లకు నౌకరీ ఎవడిస్తడు? బిడ్డ బతుకు ఆగమైతదని నా భయం."

నర్సింగం ఈ మాట అన్ననాటికి, కరోనాతో ఆగిపోయిన మరమగ్గాలు సూరత్‌లో మళ్లీ తిరుగుతున్నాయి. ఆయన అక్కడి పాండేసరా పేటలో ఒక షెడ్డులో మగ్గం నడుపుతాడు. కుటుంబం సిరిసిల్ల నుంచి వచ్చింది. దగ్గర్లోని వడోద్‌లో మా ఇంటి కింది వాటా వాళ్లది. కూతురు ఊర్మిళ డిజైన్ డిగ్రీ రెండో ఏడు. క్లాసులన్నీ ఆన్‌లైన్ కావడంతో మా వైఫై కోసం మెట్ల మీద కూర్చునేది. ఒక పూట యంత్రాలు, ఒక పూట రంగులు, ఇంకో పూట మనుషుల అలవాట్లు. ఫిజిక్స్ ఒక్కటే చదివిన నాకూ ఆ చదువు అంతుపట్టేది కాదు. ఏడాది చివరి ప్రాజెక్టులో తప్పితే చదువు మాన్పించి, రింగ్ రోడ్ బట్టల మార్కెట్లో చీరలు మడతపెట్టే పనికి పంపుతానని నర్సింగం తేల్చేశాడు.

ఊర్మిళ ప్రాజెక్టుకి తండ్రి షెడ్డునే ఎంచుకుంది. మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి అక్కడివాళ్లు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. మాస్కులొచ్చాక పెదాలు కనబడటం లేదు. మాట్లాడాలంటే మాస్కు కిందికి లాగాలి, లాగితే షెడ్డు యజమాని సేఠ్ తిడతాడు.

ముందు ఆమె, పెదాలు కనబడేలా ప్లాస్టిక్ ముక్క పెట్టి మాస్కు కుట్టింది. షెడ్డు ఉక్కలో అది క్షణాల్లో ఆవిరి పట్టింది. ఆవిరి పట్టకుండా లోపల సబ్బు రుద్దమని నేను సలహా ఇచ్చాను.

"సబ్బు తిన్నట్టుంది గదనే!" అని నర్సింగం మాస్కు తీసి ఉమ్మేశాడు. పక్క మగ్గాలవాళ్లు ఒకటే నవ్వు.

మర్నాటి నుంచి ఊర్మిళ ఏమీ కుట్టలేదు, గీయలేదు. షెడ్డులో ఓ మూల కూర్చుని చూస్తూ ఉండిపోయింది. గడువు దగ్గరపడుతుంటే నాకే నిద్ర పట్టేది కాదు.

పనిలో వాళ్లు అరిచి చెప్పుకునేవి ముఖ్యంగా మూడే సంగతులని ఆమె కనిపెట్టింది. దారం తెగింది, సాయం రా. బీము మీద చుట్టిన పడుగు అయిపోవచ్చింది. కాసేపు నా మగ్గం చూడు. చేతులకు తీరిక ఉండదు, మోకాళ్లకు ఉంటుంది. అందుకని ప్రతి మగ్గానికీ మోకాలితో నొక్కే కర్రలు, పైన చిన్న కప్పీలు, లేచి నిలబడే మూడు రంగుల గుడ్డ జెండాలు కట్టింది.

వాడి చూసిన నర్సింగం, "నాలుగోది గూడ పెట్టు బిడ్డా, తెల్లది," అన్నాడు.

"దేనికి బాపూ?"

"సేఠ్ వస్తుండని."

పరీక్ష షెడ్డు నుంచే, మగ్గాలు కాసేపు ఆపి, ఫోన్‌లో వీడియో కాల్‌తో జరిగింది. తెల్ల జెండా ఎందుకని ప్రొఫెసర్ అడిగాడు. సేఠ్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"జాగ్రత్త కోసం సర్," అంది ఊర్మిళ.

మాస్కుల పైన అందరి కళ్లూ నవ్వాయి. ఆ ఏడాది క్లాసులో మొదటి మార్కు ఆమెదే. సేఠ్ తన రెండో షెడ్డులో కూడా జెండాలు కట్టించాడు, నాలుగూ.

"మూడో ఏడు క్లాసులు ఎప్పుడు షురూ అయితయే?" అని నర్సింగమే అడిగాడు.

అప్పట్లో మా రెండేళ్ల పాప అన్నం ముట్టడం లేదు. నేను గిన్నె పట్టుకుని వెంటపడుతూ, ఇంకో చేత్తో ఫోన్‌లో విటమిన్ల గురించి వెతుకుతున్నాను. ఊర్మిళ ఆ ఫోన్ తీసి పక్కన పెట్టి చెప్పిన మాటే ఇప్పుడు నేను పాటిస్తున్నాను:

"జవాబు తర్వాత దేవులాడొచ్చక్కా. ముందుగాల జరసేపు పక్కకు కూసుండి, పాప ఏం జేస్తుందో ఊకె చూడు."