తలుపు నేనే బిగించాను

సంఘం వాళ్లను వెతుకుతూ వచ్చిన రజాకార్లు మొన్న మా ఇంటి తలుపు విరగ్గొట్టారు. మేము వెట్టి మానేశామన్న కోపంతో, మా ఇంటి పని ముట్టొద్దని దొర వడ్రంగిని బెదిరించాడు. రంపం కిరాయికి అడిగినా అతను భయపడి ఇవ్వలేదు. అందుకే ఈ రోజు గొడ్డలితో పలకలు చెక్కి, వంగిన పాత మొలలనే రాతి మీద సాగగొట్టి, తలుపు నేనే బిగించాను.

సాయంత్రం దొర మనిషి వచ్చాడు.

"ఎవడు చేసిండే గీ తలుపు? పేరు చెప్పు!"

"నేనే చేసిన. ఇరగ్గొట్టిన నాడు ఎవడని అడగకపోతివి, గిప్పుడెందుకు అడుగుతున్నవ్?"

తలుపు కాస్త వంకరే. అయినా అతని ముఖం మీద వేసినప్పుడు గట్టిగానే పడింది. మన ఇబ్రహీంపట్నంలో ఇంతకంటే మంచి పనితనం ఎవరైనా చూశారా, చెప్పండి!