కిటికీ మేస్త్రి

బస్సు కొండదారి ఎక్కుతుండగా తుంపర మొదలైంది. కిటికీ అద్దాలు ఒక్కొక్కటిగా దడదడ మూసుకున్నాయి, ఒక్కటి తప్ప. మూడో వరసలో ఒకాయన తన అద్దాన్ని ఇంకాస్త వెనక్కి నెట్టి, మోచెయ్యి తడుస్తున్నా పట్టనట్టు కూర్చున్నాడు. వెనక సీటావిడ తల మీద కొంగు కప్పుకుని, "ఏమయ్యా, నీకు ఉక్కపోస్తే మేమంతా తడవాలా?" అంది. ఆయన వెనక్కి తిరక్కుండానే, "తడిస్తే ఆరతాంలేమ్మా" అన్నాడు.

ఆ గొంతు వినగానే చివరి వరసలో శాలువా కప్పుకుని కూర్చున్న మనిషి చటుక్కున తలెత్తాడు. అది తన బావ గొంతు, మేస్త్రి గొంతు. అక్క మొగుడు, చేతికి పని నేర్పినవాడు, పోయినేడు తాను నానామాటలూ అని వదిలేసి వచ్చిన మనిషి. బావమరిది శాలువా ముక్కుదాకా లాక్కుని తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడే దగ్గు గొంతులోకొచ్చి కూర్చుంది. ఊపిరి బిగబట్టాడు.

బిగబట్టడం వాళ్ళింట ఉగ్గుపాలతో వచ్చిన విద్య. లోకంలో ప్రతి పనికీ ఒక శత్రువుంటుంది. కుమ్మరికి వాన, చాకలికి మబ్బు, పడవవాడికి సుడి. పటాల చట్రాలకీ, దుకాణాల బోర్డుల మీది అక్షరాలకీ బంగారు రేకు అతికేవాళ్ళకి గాలే శత్రువు. ఆ రేకుని వేలితో తాకితే చాలు, నలిగి మాయమవుతుంది. వెడల్పాటి మెత్తని కుంచెను ఒకసారి చెంపకు రాసుకుని, ఆ కాస్త జిడ్డుతోనే రేకును పైకెత్తాలి. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలితే రేకు ముడుచుకుపోతుంది. తుమ్మితే ఇక చెప్పేదేముంది, గదంతా బంగారు పొట్టు. అందుకే వాళ్ళ పనిగదిలో ఒకటే శాసనం, కిటికీ తెరవకూడదు. ఆ శాసనం బావమరిది తండ్రిది. గాలిని మించిన దొంగ లేడనేవాడాయన.

ఆయనదే ఇంకో మాట కూడా ఉంది. రేకు అతికే ముందు చెక్క మీద సుద్ద, జిగురు కలిపి పూతలు పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది నునుపు చెయ్యాలి. ఆ పొడికి గదిలో అందరూ దగ్గేవాళ్ళే. దగ్గు రానివాడికి పని రానట్టేనని ఆయన నవ్వుతూ దగ్గేవాడు, దగ్గుతూ నవ్వేవాడు. చివరికి దగ్గుతూనే పోయాడు. సుద్ద తినేసిందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. అలవాటని పేరు పెడితే చాలు, ఎంతటి జబ్బయినా ఇంటి మనిషిలాగే తిరుగుతుంది.

బిగబట్టిన ఊపిరి ఎంతసేపని నిలుస్తుంది? బస్సు మలుపు తిరిగింది, దగ్గు బయటపడింది. మూడో వరసలోని తల కదల్లేదు. బయటున్న మోచెయ్యి మాత్రం మెల్లగా లోపలికొచ్చింది.

టీకొట్టు దగ్గర బస్సు ఆగగానే మేస్త్రి దిగి, సరాసరి వెనక తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"దిగరా. ఒకే బల్లకి అటొకడూ ఇటొకడూ కూర్చుని అన్నేళ్ళు దగ్గాం. నీ దగ్గు నేను పోల్చుకోలేననుకున్నావా?"

దిగక తప్పలేదు. బావ ఒళ్ళు చేశాడు, చెంపలు నిండాయి. బావమరిది నడుముకున్న బెల్టుకి మాత్రం ఇంకాస్త బిగించుకోడానికి మేకుతో పొడిచిన కొత్త బెజ్జం ఉంది. శాలువా దాన్ని దాచలేదు.

రెండేళ్ళ కిందట పరిస్థితి దీనికి తలకిందులు. పొద్దుగూకితే జ్వరం, రాత్రి దుప్పటి తడిసే చెమటతో మేస్త్రి చిక్కి సగమయ్యాడు. కఫంలో ఎర్రజీర కనపడ్డాక గాని ఆసుపత్రికి పోలేదు. క్షయ అన్నారు. అప్పుడు ఇంట్లో పెద్దరికం బావమరిదే నెత్తినేసుకున్నాడు. బావకి కంచం వేరు, గ్లాసు వేరు. పొరపాటున ఎవరూ ముట్టుకోకుండా గ్లాసుకో ఎర్రదారం. మంచాన్ని కిటికీ లేని సామాన్ల గదిలో వేయించాడు. అన్నీ చేసి, తాను మూసిన పనిగదికి పోయి నిశ్చింతగా కూర్చున్నాడు. కంటికి కనపడే గ్లాసుకి శిక్ష వేసి, కనపడని గాలికి పెద్దపీట వేశాడన్నమాట. మనుషులు ఎక్కడైనా ఇంతే. భయానికి చేత్తో పట్టుకోడానికి ఒక వస్తువు కావాలి.

మందులిచ్చే ఆసుపత్రి నర్సమ్మ ఒకసారి ఇంటికొచ్చి ఆ దారం చూసి, ఇది ఎవర్ని కట్టెయ్యడానికని నవ్వింది. ఈ జబ్బు గ్లాసులోంచి పాకదు, దగ్గినప్పుడు కంటికానని తుంపరై గాలిలో తేలుతుంది, గాలాడని గదిలో గంటల తరబడి ఉంటుంది, దాన్ని పీల్చినవాడి ఊపిరితిత్తుల్లో దిగుతుంది అని చెప్పింది. దిగినంత మాత్రాన అందరూ మంచం పట్టరట. చాలామందిలో ఆ క్రిమి లేవకుండానే ఉండిపోతుంది. కొందరిలో ఏళ్ళ తరవాత, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు కళ్ళు తెరుస్తుంది. ఆ గదిలో పనిచేసేవాళ్ళంతా వచ్చి పరీక్ష చేయించుకోమంది. తనది సుద్ద దగ్గని బావమరిది పోలేదు.

మేస్త్రి మాత్రం ఒక్క పూట తప్పకుండా మందు మింగాడు. ఇక నీ వల్ల ఎవరికీ భయం లేదని డాక్టరు అన్నాక పనిగదికొచ్చి, చేసిన మొదటి పని కిటికీ తెరవడం. రేకు పరిచే తోలుదిండుకి మూడు పక్కలా దళసరి అట్టతో గోడ కట్టుకున్నాడు. ఇరుగుపొరుగు "కిటికీ మేస్త్రి" అని పేరు పెట్టేశారు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు అడక్కముందే కిటికీ తీసేవాడు మరి. గోడ కట్టినా ఒకనాడు ఒక రేకు ఎగిరి బావమరిది కనుబొమ్మకి అతుక్కుంది. అక్క పకపకా నవ్వింది. నాన్న మూసిన కిటికీ తెరిచిన చోట తనకేం పనని, వాడు ఆ కనుబొమ్మతోనే లేచి, వేరే ఊళ్ళో చట్రాల దుకాణంలో చేరాడు.

ఇప్పుడు టీకొట్టు దగ్గర వాడు సంచిలోంచి సొంత స్టీలు గ్లాసు తీసి, టీ అందులో పొయ్యమన్నాడు. మేస్త్రి చూపు ఆ గ్లాసు మీద ఆగింది.

"దీనికి దారం లేదేంరా?"

"దారమెందుకు బావా, ఇది నాదని ఇంట్లో తెలుసు."

అన్నాక గాని ఏమన్నాడో వాడికి తట్టలేదు. ఇక దాచడానికేం మిగల్లేదు. పాప పుట్టిందని, పుట్టినప్పట్నుంచీ జాగ్రత్తగానే ఉన్నానని, గ్లాసు, కంచం, తువ్వాలు అన్నీ విడిగా పెట్టుకున్నానని గడగడా చెప్పుకొచ్చాడు.

"మరి పడక?"

"ఉన్నదొకటే గది."

"కిటికీ?"

"చంటిపిల్ల కదా బావా. చలిగాలి తగులుద్దని..."

మేస్త్రి వాడి చేతిలోంచి గ్లాసు తీసుకుని, వాడు సగం తాగిన టీని తాపీగా తాగేశాడు.

"గ్లాసులోనే ఉంటే నా ఎంగిలి గ్లాసు కడిగిన మీ అక్కకి ఎప్పుడో రావాల్సిందిరా. పాపకి నీ గ్లాసుతో పేచీ లేదు. నువ్వు వదిలిన గాలే అది పీలుస్తోంది."

బావమరిది గొంతు తగ్గించాడు. "తెలిస్తే దుకాణంలోంచి పంపించేస్తారు."

"తెలియకపోతే?"

బస్సు హారన్ కొట్టింది. ఏదో గ్రంథాలయం తలుపు మీద అక్షరాలు అతకడానికి బయల్దేరిన మేస్త్రి, రేకులూ కుంచెలూ ఉన్న సంచి దించుకున్నాడు. మీ ఊరింకా రాలేదు కదండీ అని కండక్టరు అడిగితే, "మాది వచ్చేసిందయ్యా" అన్నాడు. కొండ దిగే బస్సులో బావమరిదిని తెరిచిన కిటికీ పక్కన కూర్చోబెట్టి, నోటికి శాలువా అడ్డం పెట్టుకోమన్నాడు.

కొండ కింది ఊరి ఆసుపత్రిలో నర్సు మూతున్న చిన్న డబ్బా చేతికిచ్చి, ఆరుబయటికి పోయి గట్టిగా ఊపిరి పీల్చి లోపల్నుంచి దగ్గమంది. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి దగ్గమన్న మొదటి మనిషి ఆవిడే. చినుకుల్లో నిలబడి, రేకు ఎగిరిపోతుందన్న బెంగ లేకుండా, కడుపారా దగ్గాడు.

సాయంత్రానికి తేలింది. క్రిమి ఉంది.

ఇదేదో రాసిపెట్టినట్టుందని వాడు గొణిగితే, నర్సు రాతా లేదు గీతా లేదంది. నెలల తరబడి మందు మానకూడదని, నెమ్మదించిందని మధ్యలో ఆపితే క్రిమి మొండికేసి ఆ మందుకి లొంగదని చెప్పింది. ఇక భయం లేదని తాము చెప్పేదాకా ఇంట్లో విడిగా వరండాలో పడుకోమంది.

"పాపకి?" అన్నాడు వాడు. అంతసేపూ అడగడానికి భయపడ్డ మాట అదొక్కటే.

"రేపు తల్లినీ బిడ్డనీ తీసుకురండి. చూస్తే గాని చెప్పలేం. జబ్బు లేకపోతే రాకుండా మందుంది, ఉంటే తగ్గే మందుంది. మీ బావగారు ఇందాకే చీటీలో నంబరు చూసి మీ ఇంటికి ఫోన్ చేశారు. ముందు కిటికీ తెరువమ్మా, మిగతాది తరవాత చెప్తానని మీ ఆవిణ్ణి ఒకటే కంగారు పెట్టారు."

వాడికి నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. బావతో అనాల్సిన మాట ఒకటి ఏడాదిగా లోపలుంది. అందామని బావ కూర్చున్న బల్లకేసి తిరిగాడు.

బల్ల ఖాళీ. దాని మీద వాడి స్టీలు గ్లాసు శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. బార్లా తెరిచిన కిటికీలోంచి చూస్తే మేస్త్రి సంచి గుండెలకు హత్తుకుని, తడుస్తూ కొండెక్కే బస్సు కోసం బస్టాండు వైపు నడిచిపోతున్నాడు. పిలుద్దామని ఊపిరి తీసుకుంటే దగ్గొచ్చింది. శాలువా అడ్డం పెట్టుకుని తలెత్తేసరికి ఆయన మలుపు తిరిగిపోయాడు.