వెల్లిచందై వెంకటమ్మలు ముగ్గురు

తమిళనాడు ధర్మపురిలోని ఒక ఆసుపత్రిలో రికార్డుల అధికారిగా నేను చేరినది 2011 జూన్ 6, సోమవారం. కాగితపు కార్డులను కంప్యూటరు డేటాబేసులోకి ఎక్కించడం నా పని. డేటాబేసు అంటే పట్టికల సముదాయం. మా పట్టికలో ఒక్కో వరుస ఒక్కో రోగిది. ఒక్కో గడిలో ఒక్కో వివరం: పేరు, ఊరు, పడని మందు. ఏ వరుస ఎవరిదో తేల్చే గుర్తును ప్రైమరీ కీ అంటారు. అది ఏ రెండు వరుసలకూ ఒకటే కాకూడదు. ఇనీషియలు, పేరు, ఊరు మూడూ కలిపితే ఆ గుర్తుకు చాలునని నేనే నిర్ణయించాను.

ఆగస్టు 17 ఉదయం 10.20కి వెల్లిచందై నుంచి ఎం. వెంకటమ్మ కాలి పుండుతో వచ్చింది. నర్సు కంప్యూటరు తెర చూసి పెన్సిలిన్ సూది సిద్ధం చేసింది. వెంకటమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఆ సూది నాకు పడదు మేడమ్! పోయినసారి ఊపిరాడక చచ్చి బతికినాను. మీరే రాసుకొంటిరి కదా?”

తెర మీద ‘పడని మందు: లేదు’ అని ఉంది. సూది ఆపించి కార్డుల గదికి పరుగెత్తాను. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. అదే పేరు, అదే ఊరు ఉన్న కార్డులు మూడు దొరికాయి! ఒకదాని మీద ఎర్రసిరాతో ‘పెన్సిలిన్ పడదు’ అని ఉంది.

మీ ఇంట్లో ఇంకా వెంకటమ్మలు ఉన్నారా అని అడిగాను.

“లేకేమి? చచ్చిపోయిన మా అవ్వ పేరు, ముగ్గురు కొడుకులూ మొదటి ఆడబిడ్డకు పెట్టినారు. మా నాయన మునిరత్నం, పెదనాయన మాదప్ప, చిన్నాయన మల్లప్ప. వీధిలో ‘వెంకటమ్మా’ అంటే ముగ్గురమూ పోతాము, తిట్లు మాత్రం నాకే!”

ఇక్కడ ఇంటిపేరు రాయరు. తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియలు. ముగ్గురిదీ ‘ఎం’. రెండో కార్డు దగ్గర కంప్యూటరు ‘ఈ రోగి వరుస ముందే ఉంది’ అని ఆపినప్పుడు, టైపు చేసే సెల్వి ఒకే మనిషి అనుకొని పాత వరుసలోనే కొత్త కార్డు వివరాలు కొట్టింది. ‘పెన్సిలిన్’ అలా చెరిగిపోయింది. తప్పు సెల్విది కాదు, నేను ఎంచిన కీది.

డాక్టరు వేరే మందు రాశారు. సెల్వీ నేనూ అన్నం కూడా మరిచి పనిలో కూర్చున్నాం. ప్రతి రోగికీ ఒక సంఖ్య ఇచ్చాం. రోగుల పట్టికలో సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఊరు ఒక్కసారే ఉంటాయి. పడని మందులది వేరే పట్టిక. అందులో రోగి పేరుండదు, సంఖ్య మాత్రమే. రెంటినీ కలిపేది ఆ సంఖ్యే. సాయంత్రం 4.45కి, వెంకటమ్మకు చీటీ మీద రాసి ఇచ్చిన సంఖ్య 1043ను నేను కొట్టాను. రెండు పట్టికల వివరాలు కలిసి ఒకే వరుసగా వచ్చాయి: వెంకటమ్మ, తండ్రి మునిరత్నం, పెన్సిలిన్. సెల్వి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను!

తరువాత పందొమ్మిది రోజులు పట్టి కార్డులన్నీ సరిచూశాం. ఇలా కలిసిపోయినవాళ్లు మరో పద్నాలుగుమంది తేలారు.

కట్టు మార్పించుకోవడానికి వచ్చిన వెంకటమ్మ, పేరు అడగకముందే “వెయ్యి నలభై మూడు” అంది.

పేరులా, మనుషులు ఒకరిది ఒకరికి పెట్టుకోగలిగినదాన్ని కీగా ఎంచుకోకూడదు. నేను నేర్చుకున్నది ఇదే.